మూడో ముక్కలో ముదురుపచ్చ

ఇసకమిట్ట మేతబీడులో వెంకటశేషమ్మ గేదె చచ్చిపోయి మూడు రోజులైంది. మంగళవారం పొద్దున ఇరవై నాలుగు గేదెల్ని కంచె వేసిన మూడో ముక్కలోకి వదిలిన రెండు గంటలకే నాలుగు తూలి పడిపోయాయి. ఇందుకూరుపేట నుంచి డాక్టరు వచ్చేసరికి వాటి చిగుళ్ళు నీలంగా తిరిగి ఉన్నాయి. సూదితో తీసిన రక్తం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. యూరియా ఎక్కువై గడ్డే విషమైందని ఆయన అక్కడికక్కడే చెప్పి, రక్తంలోకి విరుగుడుగా నీలిమందు ఎక్కించి మూడింటిని లేపాడు. నాలుగోది లేవలేదు. ఆ బీడుకు ఎరువు లెక్కలు రాసే ఫేబీ తన పుస్తకాన్ని గుండెకు హత్తుకుని అట్లాగే నిలబడిపోయింది. పక్కనే ఉన్న ఆమె అక్క కరుణాకుమారి మాత్రం చెల్లెలి వంక చూడలేదు.

ఈ మూడు రోజుల్లో కరుణాకుమారి వసారాలోకి వచ్చినంతమంది గడిచిన రెండేళ్ళలో రాలేదు. వచ్చినవాళ్ళు బల్ల మీద కూర్చుని, టీ తాగుతూ, ఎటు తిరిగినా ఒక్క మాట దగ్గరికే వచ్చేవాళ్ళు. నువ్వు చూసుకునేటప్పుడు ఒక్క దూడైనా పోయిందా కరుణమ్మా, చదువుకున్న పిల్ల వచ్చి పుస్తకం పెట్టి చేసినందుకు కదా ఇట్లా అయింది, అని. కరుణాకుమారి అవునని అనేది కాదు, కాదనీ అనేది కాదు. గ్లాసులు అందించి, ఖాళీ గ్లాసులు తీసుకునేది. వాళ్ళ మాటలు వింటుంటే లోపలెక్కడో తియ్యగా ఉండేది. ఆ తీపి గొంతు దిగకముందే గ్లాసులు కడగాలని లోపలికి వెళ్ళిపోయేది. ఎందుకంటే మూడో ముక్కలో ఏం జరిగిందో ఆ ఊళ్ళో తనకొక్కదానికే తెలుసు. అప్పటికి ఆమె అనుకున్నది అదే.

ఆ బీడు పన్నెండెకరాలు. చుట్టూ మూడు దిక్కులా రొయ్యల గుంటలు వచ్చేసి, మైపాడు వైపు పశువు మేయడానికి మిగిలిన నేల అదొక్కటే. పదమూడేళ్ళ కిందట దాన్ని కూడా గుంటలు తవ్వుకోవడానికి ఒకాయన యంత్రంతో వస్తే, ఊళ్ళో ఆడవాళ్ళను వెంటేసుకుని ఎదురు నిలబడింది కరుణాకుమారి. యంత్రం వెనక్కి తిరిగింది. సంఘం పెట్టారు. పాల కేంద్రంలో పనిచేసే పెంచలప్రసాద్ అధ్యక్షుడైనా, ఆ నేలను అందరూ కరుణమ్మ బీడనే అన్నారు. ఎవరి పశువునూ ఆమె వద్దనలేదు. ఒకటి తెచ్చినవాళ్ళదీ, మూడు తెచ్చినవాళ్ళదీ, అన్నీ లోపలికే. లెక్క నలభై ఒకటికి పోయింది. ఎండాకాలం వచ్చేసరికి గడ్డి వేళ్ళతో సహా పోయి ఇసుక తేలేది. గేదెలు మూతులు నేలకు రాసుకుంటూ తిరిగేవి. అయినా కరుణమ్మ మీద ఎవరికీ కోపం రాలేదు. కాదనని మనిషి మీద కోపమెందుకొస్తుంది?

ఫేబీ ఆమెకు సొంత చెల్లెలు. తల్లి పోయేనాటికి దానికి పదేళ్ళు. అప్పటికే పెళ్ళయి ఇసకమిట్టకు వచ్చేసిన కరుణాకుమారి, చెల్లెల్ని తన దగ్గరికే తెచ్చుకుంది. రెండు జడలు వేసి బడికి పంపింది, హాస్టల్లో చేర్చింది, పశువుల డిప్లొమా చదివించింది. అదే చెల్లెలు రెండేళ్ళ కిందట అదే ఊరి రైతు సేవా కేంద్రంలో పశువుల సహాయకురాలిగా ఉద్యోగం తెచ్చుకుని బస్సు దిగిన రోజు, కరుణాకుమారి దారి పొడవునా కనిపించిన ప్రతి ఇంటికీ చెప్పుకుంటూ నడిచింది.

ఆ సంతోషం ఎప్పుడు చెడిందో ఆమె సరిగ్గా చెప్పలేకపోయేది. మొదటి మీటింగులో ఫేబీ లేచి, ఈ నేల ఎకరాకు రెండు గేదెల్ని మించి మొయ్యలేదు, ఇరవై నాలుగే ఉండాలి అన్నప్పుడు కాదు. ఊరు ఒప్పుకోవాలంటే ముందు మనింటి రెండో బర్రెనే బయటికి తీద్దామక్కా అన్నప్పుడు కూడా కాదు, అప్పుడు కొంచెం చురుక్కుమన్నా సర్దుకుంది. ఫేబీ బీడును నాలుగు ముక్కలు చేసి కంచెలు వేయించింది. ఒక ముక్క మేస్తుంటే మిగతా మూడూ తేరుకునేవి. వారాల వంతున ఇళ్ళకు కోతగడ్డి పంచింది. మేసి వదిలిన ముక్కకు ఎకరాకు అర మూట యూరియా, అది కూడా తడి చూసి, ఆపైన నాలుగు వారాలు పశువుల్ని వదలడానికి తడిక తియ్యకూడదు. ఇవన్నీ పుస్తకంలో రాసేది. రెండో ఏడు ఎండాకాలంలో ఇసకమిట్టలో పచ్చగడ్డి మిగిలింది. ప్రతి ఇంటా పాలు పెరిగాయి.

అప్పటి నుంచి జనం దారిలో ఆపి ఫేబీని అడగడం మొదలుపెట్టారు. మేడం అన్నారు. కృష్ణపట్నం పోర్టులో షిఫ్టులు చేసి వచ్చి పడుకోవడమే తప్ప బీడు మొహం చూడని మాథ్యూ, కరుణాకుమారి భర్త, మరదలు ఇచ్చిన స్కేలు పట్టుకుని గడ్డి ఎంత ఎత్తు లేచిందో కొలిచి వచ్చి సంబరంగా చెప్పాడు. పదమూడేళ్ళలో కరుణమ్మ పేరెత్తని పాస్టరుగారు, కోత పండుగనాడు పాల సమృద్ధికి వందనాలు చెల్లిస్తూ ప్రార్థనలో ఫేబీ పేరు చెప్పారు. కళ్ళు మూసుకుని ఆమేన్ అన్న కరుణాకుమారికి ఆ పూట ప్రార్థన వంటబట్టలేదు. ఇంటికొచ్చి వండిన కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది.

ఈ వర్షాలకు ముందు ఫేబీ నాలుగు ముక్కలకూ నలుగురిని పెట్టింది. మూడోది నువ్వు చూసుకో అక్కా, అది నీ ముక్క, అంది. ప్రేమగానే అంది. కరుణాకుమారికి మాత్రం పన్నెండెకరాలూ తనవైన చోట తనకొక మూడెకరాలు విదిలించినట్టు వినిపించింది. ఫేబీ స్వయంగా చూసుకునేది రెండో ముక్క. రెండింటికీ నడుమ కంచె ఒక్కటే. ఎవరు ఆ గట్టున నడిచినా రెంటినీ పక్కపక్కన చూస్తారు. ఇంక ఆ చూపు మీదే పడింది కరుణాకుమారి మనసు.

వరికి తెచ్చి పెట్టుకున్న యూరియా మూటలు ఇంట్లో ఉన్నాయి. రెండు తెల్లవారుజాములు, మాథ్యూ షిఫ్టుకు వెళ్ళాక, రెండేసి మూటలు బండి మీద తీసుకెళ్ళి ప్లాస్టిక్ బేసినులో పోసుకుని చల్లింది. ఫేబీ లెక్క ప్రకారం చల్లించాల్సిన మూటన్నర అప్పటికే పడి ఉంది. దాని మీద ఇది నాలుగు. వారానికల్లా మూడో ముక్క మిగతా మూడింటినీ వెలవెలబోయేట్టు చేసింది. ముదురుపచ్చ. గట్టున వెళ్ళేవాళ్ళు ఆగి చూశారు. ఒకరిద్దరు, కరుణమ్మ చెయ్యి కరుణమ్మ చెయ్యే అన్నారు. ఆ రాత్రి ఆమె చాన్నాళ్ళ తర్వాత హాయిగా నిద్రపోయింది.

ఫేబీ కూడా వచ్చి చూసింది. వంగి ఒక ఆకు తుంచి వేళ్ళ మధ్య తిప్పింది. దీనికేమన్నా చల్లినావా అక్కా అని అడిగింది. దిబ్బెరువు వేసినా అంది కరుణాకుమారి. ఫేబీ తలూపి, పుస్తకంలో దిబ్బెరువు అని రాసుకుంది. నాలుగు వారాలు నిండాక, మంగళవారం, తడిక తీసింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫేబీ ఫోను చేసి అక్కను బీడుకు రమ్మంది. కరుణాకుమారి వెళ్ళేసరికి మూడో ముక్కలో ఫేబీ కొడవలి పట్టుకుని ఒక్కతే మిగిలిన గడ్డి కోస్తోంది. ఒక పక్క గొయ్యి తవ్వించి ఉంది. కోసిందంతా అందులోకి పోస్తోంది. ఆకాశం మూసుకునే ఉంది కానీ చినుకు లేదు, రెండు వారాలుగా అదే తీరు. ఇంత గడ్డి గోతిలో పోసేదెందుకు, పరిచి ఎండబెడితే ఎండుగడ్డన్నా అవుతుంది కదా అంది కరుణాకుమారి. ఏదో ఒకటి అనాలని అంది.

“ఎండినా విషం పోదక్కా,” అంది ఫేబీ. “ఎండుగడ్డిలోనూ అట్నే ఉంటుంది.”

తర్వాత కొడవలి కింద పెట్టి, చేతులు లంగావోణీకి తుడుచుకునే చిన్ననాటి అలవాటు కొద్దీ చీర కుచ్చిళ్ళకు తుడుచుకుని, ఫోను తీసింది. నెల్లూరు నుంచి గడ్డి పరీక్ష రిపోర్టు వచ్చింది. నాలుగు ముక్కల గడ్డీ పంపారు. మూడింటిలో విషమేమీ లేదు. ఇక్కడి గడ్డిలో ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఉంది. రెండో ముక్కకూ దీనికీ తను రాసిన మోతాదు ఒకటే, చల్లించిన రోజూ ఒకటే అని చెప్పింది. గొంతు పెంచలేదు. ఊళ్ళోవాళ్ళు అంటున్నట్టు అర మూట యూరియాకే గేదె చస్తే, బుధవారం నుంచి రెండో ముక్క మేస్తున్నవి కూడా చావాలి కదా అంది. చల్లినావా అని అడుగుతుందనుకుంది కరుణాకుమారి. లేదని చెప్పడానికి మాట సిద్ధం చేసుకుంది.

“ఎన్ని మూటలు అక్కా?” అంది ఫేబీ.

“నాలుగు.”

ఎవరో తన నోటితో అన్నట్టు వచ్చేసింది ఆ మాట. వచ్చాక ఇంక ఆగలేదు. రెండు తెల్లవారుజాములూ చెప్పింది, బండీ, బేసినూ చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడుపు రావాల్సింది కోపమై వచ్చింది. నువ్వు రాకముందు ఈ ఊళ్ళో నన్ను అడక్కుండా ఎవరైనా తడిక తీసినారా అంది. నా మొగుడు నీ స్కేలు పట్టుకుని తిరుగుతా ఉండాడు, చర్చిలో నీ పేరు చదువుతా ఉండారు అంది. పక్క గుంట గట్టున రొయ్యలకు మేత వేస్తున్న మనిషి తలెత్తి చూస్తే, గొంతు తగ్గించింది.

“మేయ్, నీ మీద కడుపుమంట నాకు. నా చేతి ముద్ద తిని పెరిగిన పిల్ల, నా చోట్లో కూచునిందే అని. నా గడ్డి నీ గడ్డి కంటే పచ్చగా కనపడాల, అంతే అనుకున్నా. ఆ బర్రె చావాలని నేను అనుకోలేదు.”

ఫేబీ గడ్డికుప్ప అంచున కూర్చుంది. ఆమె మొహంలో కోపం కోసం వెతికింది కరుణాకుమారి. కనిపించలేదు. కోపం కనిపించి ఉంటే బాగుండేది.

“నాకు తెలుసక్కా,” అంది ఫేబీ.

“ఏంది తెలుసు?”

“ఆ రోజు ఆకు తుంచినప్పుడే తెలుసు. దిబ్బెరువుకు అంత రంగు రాదు. గట్టు పక్కన గడ్డి దుబ్బుల్లో తెల్ల గుళికలు కూడా చూసినా.”

కరుణాకుమారికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక, మరెందుకు తడిక తీసినావని అడిగింది. ఫేబీ ఒక గడ్డిపరక తీసుకుంది. చేతిలోని గడ్డిపరకను చీలికలుగా చీల్చుతూ, మెల్లగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. మబ్బు పట్టి వాన పడని రోజుల్లో యూరియా ఎక్కువ తిన్న గడ్డిలో విషం దిగదని తను చదువుకుంది. కాలేజీలో పరీక్షలో కూడా రాసింది. అయితే ఇంత అవుతుందనుకోలేదు. పేడ పారుకుంటాయనుకుంది, రెండు రోజులు పాలు తగ్గుతాయనుకుంది.

“అప్పుడు నిన్ను అడుగుతారు గదా, ఏం చల్లినావని. అప్పుడన్నా తెలుస్తుంది గదా, నీ చెయ్యి కాదు నా పుస్తకం చూడాలని.” ఫేబీ తలెత్తింది. “ఈ రెండేళ్ళలో నేను ఏం చెప్పినా చివర్న నీ మొహం చూసినారక్కా. నువ్వు తలూపితేనే ఒప్పుకున్నారు. లెక్కలు నావి, మాట నీది. నాలుగు రోజులు పచ్చగా కనపడేసరికి నా రెండేళ్ళూ పోయినాయి. కరుణమ్మ చెయ్యి కరుణమ్మ చెయ్యే అనినారు. నా ముందరే అనినారు.”

కరుణాకుమారి కూడా ఆ కుప్ప పక్కనే కూర్చుంది. తన మొహం చూసి జనం ఒప్పుకుంటున్నారని ఆమెకు తెలియదు. మీటింగుల్లో ఎవరు ఫేబీ వంక చూస్తున్నారా అని చూడటంలోనే ఆమె కళ్ళు అలిసిపోయేవి. తన వంక చూస్తున్నవాళ్ళను ఆమె ఎన్నడూ చూడలేదు. రెండేళ్ళపాటు ఒకే ఊళ్ళో, ఒకరినొకరు ఓర్వలేక, ఎదుటిదానిదే అంతా అని ఇద్దరూ ఏడ్చారు. మధ్యన వెంకటశేషమ్మ గేదె పోయింది.

అక్కాచెల్లెళ్ళు మిగిలిన గడ్డి కలిసే కోశారు. గొయ్యి పూడ్చారు. కరుణాకుమారికి నడుము పట్టేస్తే ఫేబీ చెయ్యి ఇచ్చి లేపింది. రేపటి మీటింగులో చెప్పేద్దాం అనుకున్నారు. నీది నువ్వు చెప్పు, నాది నేను చెప్తా అంది ఫేబీ. తిరిగొచ్చే దారిలో ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు కానీ, మూటలు దించుకున్నంత తేలికగా అనిపించింది కరుణాకుమారికి. పదేళ్ళ పిల్లను చెయ్యి పట్టుకుని నడిపించినప్పటి నడక గుర్తొచ్చింది. కడుపులో మంట ఎక్కడుందా అని వెతుక్కుంటే కనిపించలేదు.

శనివారం పొద్దున పాలు పోసేశాక, పాల కేంద్రం ముందు రేకుల కిందే మీటింగు. పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. ముందు వరసలో వెంకటశేషమ్మ కూర్చుంది. అరవై దాటిన మనిషి, ఒంటరిది. ఉన్న ఒక్క గేదె పాలే ఆమెకు వారానికి బియ్యం, మందుబిళ్ళలు. నాలుగు రోజులుగా చేతిలో పని లేక, ఊరికే వచ్చి ఆ కేంద్రం దగ్గరే కూర్చుంటోంది. పెంచలప్రసాద్ కాగితం తీసి చదివాడు. అందులో మూడు సంగతులున్నాయి. ఇకమీదట బీడులో ఎరువు చల్లకూడదు. పశువుల లెక్క ఎత్తెయ్యాలి, ఎవరివైనా ఎన్నైనా తోలుకోవచ్చు. ఫేబీని ఈ ఊరి నుంచి మార్చమని పై ఆఫీసుకు రాయాలి, సోమవారం విచారణకు వచ్చే అధికారికి అందరూ సంతకాలు చేసిన ఆ అర్జీ ఇవ్వాలి.

చదవడం ముగిసీ ముగియకముందే కరుణాకుమారి లేచింది. ముందు ఏం చెప్పాలో రాత్రంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ అక్కర్లేకపోయింది. మూడో ముక్కలో నాలుగు మూటలు తనే చల్లానని, చెల్లెలు అడిగితే దిబ్బెరువని అబద్ధం చెప్పానని, చెల్లెలికి వచ్చిన పేరు చూసి ఓర్వలేకే ఆ పని చేశానని చెప్పింది. అర మూట లెక్కలో తప్పు లేదు, పశువుల లెక్క ఎత్తేస్తే ఈ బీడు మళ్ళీ ఇసుకైపోతుంది, ఇన్నేళ్ళూ అందర్నీ రానిచ్చి దాన్ని ఇసుక చేసింది నేనే, అని కూడా చెప్పింది. ఆ చివరి మాట ఆమె అనుకుని అన్నది కాదు.

మొన్నటిదాకా ఆమె వసారాలో టీ తాగినవాళ్ళు తలలు దించుకున్నారు. వెంకటశేషమ్మ ఆమె వైపు తిరిగింది.

“నన్ను అడిగుంటే నేనే చెప్పేదాన్ని గదమ్మా, నీ ముక్కే పచ్చగుండాదని.”

ఆ మాటకు కరుణాకుమారి పక్కనున్న గుంజను పట్టుకుంది. అయినా కూర్చోలేదు. చెల్లెలు లేచేదాకా నిలబడదామనుకుంది.

పెంచలప్రసాద్ కళ్ళజోడు తీసి తుడుచుకుని, ఫేబీ వైపు తిరిగాడు. గడ్డి చూసినప్పుడు ఏమన్నా అనుమానం రాలేదా అమ్మా, తడిక తీసేముందు నీకు ఈ సంగతి తెలీదా అని అడిగాడు. నిలదీసి అడగలేదు. సోమవారం అధికారి అడిగితే చెప్పాలి కదా అన్నట్టు అడిగాడు.

ఫేబీ లేచింది. పుస్తకం తెరిచి, దిబ్బెరువు అని రాసిన పుట తీసి ఆయన చేతికిచ్చింది.

“తెలీదన్నా,” అంది. “అక్క దిబ్బెరువు అనింది. నేను నమ్మినా.”

కరుణాకుమారి సరిగ్గా వినలేదేమో అనుకుంది. కానీ పెంచలప్రసాద్ ఆ పుట చదివి పక్కవాళ్ళకు ఇచ్చాడు, వాళ్ళు చూసి ఇంకొకరికి ఇచ్చారు. అది అందరి చేతులూ తిరుగుతుంటే రేకుల కింద గాలి మారింది. ఎవరో ఫేబీకి కుర్చీ జరిపారు. నాలుగు రోజులుగా ఆ పిల్లను ఎన్ని మాటలన్నామని ఒకామె కళ్ళొత్తుకుంది. సొంత అక్కే చేస్తే పాపం అదేం చేస్తుంది అంది ఇంకొకామె. పెంచలప్రసాద్ అర్జీని నాలుగు మడతలు పెట్టి చించేశాడు. వెంకటశేషమ్మ లేచి వెళ్ళి ఫేబీ చెయ్యి పట్టుకుని, వెన్ను నిమిరింది. ఫేబీ వద్దనలేదు. తల వంచుకుని నిమిరించుకుంది.

కరుణాకుమారి చూస్తూనే ఉంది. నిన్న బీడులో వెతికితే కనిపించని మంట, ఇప్పుడు వెతక్కుండానే అరికాళ్ళ నుంచి పైకి లేచింది.

పుస్తకం తిరిగి ఫేబీ దగ్గరికి చేరాక పెంచలప్రసాద్ గొంతు సవరించుకున్నాడు. నాలుగు రోజుల కిందటి గౌరవం లేదు ఆ గొంతులో.

“ఇంకేమన్నా చెప్పేదుందా కరుణమ్మా? లేకుంటే కూచో.”

కరుణాకుమారి కూర్చోలేదు.

“ఉందన్నా,” అంది.

ఫేబీ తలెత్తి అక్క మొహంలోకి చూసింది.